పైరా ఊళ్లో, పశువు రోడ్డు మీద

డిసెంబరు మొదట్లో విశాఖలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కినవాళ్లు కిటికీ పక్క సీటు కోసం పోట్లాడినా తప్పులేదు. విజయనగరం దాటిన దగ్గర్నుంచి పార్వతీపురం దాకా రెండు వైపులా వరి కోతలే. ఒక మడిలో పైరు ఇంకా నిలబడే ఉంటుంది. పక్క మడిలో కోసిన పనలు ఎండుతుంటాయి. ఆ పక్కన కుప్ప వేసి, పైన తాటాకు కప్పి ఉంటుంది. ఊరు దగ్గరపడితే కళ్లాలు, కళ్లాల అంచున కొత్త గడ్డివాములు. వాము కొలత చూసి ఆ ఇంటి ఎకరాలూ పశువులూ లెక్కగట్టేసే పెద్దలు మా వైపు ఉండేవారు. పిల్లనివ్వబోయేవాళ్లు ఇంట్లోకి వెళ్లే ముందు పెరట్లో వాము వంక ఒక చూపు చూసేవారని చెప్పుకునేవారు.

రాయగడలో నాగావళి కనిపిస్తుంది. ఆ తర్వాత కొండలు, టిట్లాగఢ్, కాంటాబంజి. మహాసముంద్ దాటి మహానది వంతెన ఎక్కేసరికి చీకటి పడిపోతుంది. అక్కడినుంచి ఛత్తీస్‌గఢ్ మైదానం. దేశమంతా ‘ధాన్ కా కటోరా’ (వడ్ల గిన్నె) అని పిలిచే నేల. రాయ్‌పూర్ దాటాక, దుర్గ్ రాకముందే, ఆకాశం ఒక పక్కన ఎర్రబడుతుంది. అదే భిలాయి.

ఉక్కు కర్మాగారం గురించి చెప్పడానికి మా బావ ఉన్నాడు. ఆయన ప్లాంట్‌లో పనిచేస్తాడు కనుక రాత్రి భోజనం దగ్గరే మొదలుపెట్టాడు. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్, మొదట్లో ఏడాదికి 10 లక్షల టన్నుల ఉక్కు, దేశమంతా రైలు పట్టాలు. ఇనుప రాయి దక్షిణాన దల్లీ రాజ్‌హరా నుంచి, సున్నపురాయి ఉత్తరాన నందిని నుంచి, నీళ్లు తాండుల జలాశయం నుంచి. “కొలిమి ఒక్క పూట కూడా ఆకలితో ఉండకూడదు బావా. అందుకే రాయీ బొగ్గూ యార్డులో ముందే పోసి పెట్టుకుంటాం. రైలు రాలేదని ఫర్నేస్ ఆగితే మా కొలువులు ఉంటాయా?” అన్నాడు.

పొద్దున్నే ఆయన స్కూటర్ వెనక కూర్చుని జీఈ రోడ్డు ఎక్కగానే ఆ మాటే మళ్లీ తలకెక్కింది. కోల్‌కతా వైపు నుంచి నాగపూర్ వైపు పోయే ఈ జాతీయ రహదారి ఊరి నడుమనుంచే వెళ్తుంది. మధ్యలోని డివైడర్ పక్కన, ఫ్లైఓవర్ నీడలో ఆవులు మందలుగా పడుకుని ఉన్నాయి. లారీలు వాటి చుట్టూ తిప్పుకుని పోతున్నాయి. సుపేలా కూరగాయల మార్కెట్ దగ్గర కొన్ని కాలీఫ్లవర్ ఆకులు నములుతున్నాయి, కొన్ని ప్లాస్టిక్ సంచులతో సహా మింగుతున్నాయి. రాత్రిపూట రోడ్డు మీద పశువులకు గుద్దుకుని మనుషులూ పశువులూ చనిపోతున్న సంగతి బిలాస్‌పూర్‌లోని హైకోర్టు దాకా వెళ్లింది, ప్రభుత్వాన్ని కోర్టు పదేపదే నిలదీసింది కూడా.

“ఇవన్నీ ఎవరివి?” అని అడిగాను.

“అందరివీనూ. పాలు పితికేటప్పుడు మాత్రం ఒకరివి” అన్నాడు బావ.

భిలాయిలో తెలుగు వినబడడానికి కష్టపడక్కర్లేదు. ప్లాంట్ కట్టేటప్పుడూ, ఆ తర్వాతా శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లు చాలామంది. సెక్టార్ 5లో బాలాజీ గుడి ఉంది. ఖుర్సీపార్ వైపు వెళ్తే టీ కొట్టు దగ్గర కూడా మన యాసే. అక్కడ ఒక పెద్దాయన పరిచయమయ్యాడు. పలాస దగ్గరి పల్లె ఆయనది. ప్లాంట్‌లో రిటైరయ్యాడు. ఉద్యోగం చేసినన్నాళ్లూ క్వార్టర్ వెనక ఒక ఆవును పెంచాడట.

“అప్పుడు గడ్డికి కొదవేటి బాబూ! సైకిలేసుకుని మరోదా చెరువు దాకా ఎల్తే చాలు, మోపుడు కోసుకుని వచ్చీవోణ్ణి. పండక్కి ఊరెల్లినప్పుడు పిల్లలు సంక్రాంతి సూసీవోరు, నానేమో గడ్డివాము సూసీవోణ్ణి.”

ఇప్పుడు ఆయన పాలు ఖటాల్ నుంచి తెచ్చుకుంటాడు. ఊరి అంచుల్లో, ఖాళీ జాగాల్లో రేకులు వేసుకుని గేదెలు కట్టుకున్న పాల దొడ్లను ఇక్కడ ఖటాల్ అంటారు. పెద్దాయనే ఒక దానికి తీసుకెళ్లాడు. యజమాని తాతది బిహార్. ముర్రా గేదెలు గాడి ముందు వరసగా నిలబడి ఉన్నాయి. గాడిలోకి ఏమేం వస్తాయో ఆయన్నే అడిగాను. గోధుమ భూసా మధ్యప్రదేశ్ నుంచి లారీల్లో వస్తుంది. పచ్చిమేత చుట్టుపక్కల నేపియర్ గడ్డి పెంచే రైతు దగ్గర కట్టల లెక్కన కొంటాడు. పప్పు మిల్లు నుంచి చున్నీ, నూనె గానుగ నుంచి చెక్క, బియ్యం మిల్లు నుంచి తవుడూ నూకలూ. ఖర్చులో సగం పైన మేతకే పోతుందన్నాడు. పాడి ఎక్కడ చేసినా ఈ లెక్క ఇంచుమించు ఇలాగే ఉంటుంది.

“చుట్టూ ఇంత వరి ఉంది కదా, వరిగడ్డి పెట్టరా?” అన్నాను.

“పెడతాం. ఎవరైనా తెచ్చిపెడితే” అన్నాడు. చేలోంచి ఇక్కడికి తేవడానికి అయ్యే కూలీ, ట్రాక్టర్ బాడుగ కలిపితే మధ్యప్రదేశ్ భూసాయే నయమట.

తెచ్చేవాళ్లు ఎందుకు లేరో చూడాలని మర్నాడు బావ స్కూటర్ అడిగి తీసుకుని ఉతయి మీదుగా పాటన్ వైపు వెళ్లాను. సెక్టార్ల చెట్ల వరస దాటగానే నేల రంగు మారుతుంది. ఛత్తీస్‌గఢ్ రైతు తన నేలను నాలుగు రకాలుగా చెబుతాడు. ఎర్ర కంకరది భాటా, పసుపు ఇసుకపాళ్లది మటాసి, దాని కింద డోర్సా, అడుగున నల్లరేగడి కన్హార్. దిగువన ఉన్న మూడింట్లోనూ వరే. పైనున్న భాటాలో ఏదీ సరిగా పండదు కాబట్టి అది ఊరి పశువుల మేత బీడుగా ఉండేది. ఊళ్లు పెరిగినా, రోడ్డు వెడల్పయినా, ఇటుక బట్టీ పెట్టినా ముందు పోయేది ఆ భాటాయే. ఎవడి పంటా పోదు కనుక ఎవడూ అడ్డం పడడు.

కోతలు అయిపోయిన పొలాల్లో పైరా పరుచుకుని ఉంది. వరిగడ్డిని ఇక్కడ పైరా అంటారు, వామును పైరావట్ అంటారు. వానాకాలంలో పాత పైరావట్ మీద మొలిచే పుట్టగొడుగుల కూర కోసం ఎదురుచూసే ఇళ్లున్నాయి. కానీ దారి పొడుగునా పైరావట్‌లు ఊరికి రెండో మూడో కనిపించాయి అంతే. పొలంలోనేమో జానెడు ఎత్తు మోళ్లు, వాటి మీద నలిగిన గడ్డి చాళ్లుగా పడి ఉంది. హార్వెస్టర్ నడిచిన ఆనవాలు అది. కొడవలితో కోసి, కట్టకట్టి, కళ్లంలో నూర్చిన గడ్డి నిడుపుగా, శుభ్రంగా ఉంటుంది. మోసుకొచ్చి వాము వేయడం తేలిక. మిషను వెనకనుంచి పడే గడ్డి ముక్కలై, మట్టి అంటి, మంచుకు తడిసి ఉంటుంది. దాన్ని చేత్తో ఏరడానికి కూలి ఇస్తే గిట్టదు. చుట్టలు చుట్టే బేలర్ ఊరికి ఒకటి కూడా లేదు. కాబట్టి అగ్గిపుల్ల. నేను వెళ్లిన దారిలోనే కొన్ని మళ్లు అప్పటికే నల్లబడి ఉన్నాయి.

ఒక ఊరి రావి చెట్టు కింద రౌత్ ఒకాయన దొరికాడు. రౌత్‌లంటే ఇక్కడి యాదవులు, తరతరాలుగా ఊరి పశువుల్ని కాచేవాళ్లు. పొద్దున్నే ఇంటింటి నుంచి పశువుల్ని తోలుకుని, ఊరి పశువులు చేరే చోటైన దైహాన్‌లో మందగా చేర్చి, బీడుకు తీసుకెళ్లి, సాయంత్రం ఎవరివి వాళ్లకు అప్పగించడం పని. కూలి ఏడాదికి పశువుకు ఇంత అని ధాన్యం. దీపావళి వెళ్లగానే మోదుగు వేళ్ల నారతో అల్లిన సోహాయి హారం ప్రతి ఆవు మెడలోనూ కట్టి, కర్రలు పట్టుకుని రౌత్ నాచా ఆడతారు.

“ఈ ఏడాదీ సోహాయి కట్టాను. మంద తోలడం మాత్రం మానేశాను. ఎక్కడికి తోలను? బీడు లేదు. ఇచ్చే ధాన్యానికి నా కొడుకు రాడు, వాడు భిలాయిలో కాంట్రాక్టర్ దగ్గర చేరాడు” అన్నాడాయన.

రౌత్ మానేస్తే పశువు ఇంట్లో ఉండదు. కట్టేస్తే మేత పెట్టాలి. ఇక్కడి దేశవాళీ ఆవు కోసలీ. ఈ మైదానానికి ఉన్న పాత పేరే దానికీ పెట్టి, జాతిగా గుర్తించి నమోదు చేశారు. చిన్న ఒళ్లు, గట్టి ప్రాణం, పూటకు లీటరు లోపు పాలు. ఎద్దుగా నాగలి లాగినన్నాళ్లు దాని విలువ పాలలో చూడలేదు. ట్రాక్టర్ వచ్చాక ఎద్దు పనిపోయింది, ఆ లీటరు పాలకోసం మేత కొని పెట్టేవాడు లేడు. అలా వదిలేసిన పశువు చేను మీద పడుతుంది, చేలోంచి తరిమితే రోడ్డెక్కుతుంది.

ప్రభుత్వానికి ఇది తెలియక కాదు. వానాకాలం పైరు నాటగానే పశువుల్ని కట్టడి చేసే ‘రోకా ఛేకా’ అనే పాత ఊరి కట్టుబాటును 2020 జూన్‌లో కార్యక్రమంగా మార్చారు. ఊరూరా గౌఠాన్‌లు కట్టారు. పగలు పశువులు చేరే చోటు, నీళ్ల తొట్టి, పక్కన నేపియర్ మడి, ఎరువు గుంతలు. ఆ ఏడాది జూలై 20న, హరేలి పండగనాడు, పేడ కిలో 2 రూపాయలకు కొనే గోధన్ న్యాయ్ యోజన మొదలైంది. రెండేళ్ల తర్వాత గోమూత్రం కొనడమూ మొదలుపెట్టారు. కోతలవగానే గడ్డిని గౌఠాన్‌కు ఇమ్మని ‘పైరాదాన్’ పేరుతో రైతులను అడిగారు. పాటన్ అప్పటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్ సొంత నియోజకవర్గం కనుక ఈ చుట్టుపక్కల పని జోరుగా సాగింది. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. నేను చూసిన గౌఠాన్‌లో తొట్టి ఎండిపోయి ఉంది, రేకుల కింద మేకలు పడుకుని ఉన్నాయి. ఎవరి హయాం మంచిదన్న తగువు అక్కడివాళ్లకు ఎలాగూ ఉంది. నాకు మాత్రం వేరే సంగతి తట్టింది. పేడకు ధర కట్టారు, తూకం వేశారు, డబ్బు ఖాతాలో వేశారు. ఆ పేడ తయారయ్యే గడ్డిని మాత్రం దానం అడిగారు.

ధాన్యం సంగతి చూడండి. నవంబరు నుంచి జనవరి ఆఖరు దాకా సొసైటీల్లో కొనుగోళ్లు. రైతుకు టోకెన్, గోనె సంచులు, కాటా, క్వింటాలుకు 3,100 రూపాయలు, ఎకరాకు 21 క్వింటాళ్ల వరకు. అదే మొక్క మీద ఇంచుమించు అంతే బరువున్న గడ్డి కూడా వస్తుంది. దానికి కాటా లేదు, సంచి లేదు, ధర లేదు.

రావి చెట్టు కిందే కూర్చుని ఒక లెక్క వేశాను. కోసలీ లాంటి చిన్న ఆవుకు రోజుకు 5 కిలోల ఎండు మేత ఉంటే కడుపు నిండుతుంది. ఎకరాకు 15 క్వింటాళ్ల గడ్డి అనుకున్నా, 300 రోజులు. ఛత్తీస్‌గఢ్‌లో ఖరీఫ్ వరి సుమారు 37 లక్షల హెక్టార్లు, అంటే 90 లక్షల ఎకరాల పైమాట. 2019 పశుగణనలో ఇక్కడి ఆవులూ ఎడ్లూ దాదాపు కోటి. ఎకరాకు ఒక పశువు. గేదెలు, మేకలు వేరే ఉన్నాయి, గడ్డంతా చేతికి రాదు, నిజమే. అయినా దేశం మొత్తానికి ఎండు మేత ఇరవై శాతం పైగా లోటని ఝాన్సీలోని గడ్డి పరిశోధన సంస్థ అంచనాలు చెబుతున్న కాలంలో, కనీసం కడుపు నింపే మేతకు ఈ రాష్ట్రం కరువు పడవలసిన పనిలేదు. డిసెంబరులో ఉన్నదాన్ని మే నెల దాకా నిలబెట్టే ఏర్పాటు లేకపోవడమే ఇక్కడి కరువు.

2017 ఆగస్టులో ఇదే దుర్గ్ జిల్లాలోని రాజ్‌పూర్ అనే ఊళ్లో ఒక గోశాలలో ఆవులు పెద్ద సంఖ్యలో చనిపోయిన వార్త దేశమంతా చదివింది. ఆకలే కారణమని తేల్చారు. ఆగస్టు అంటే ఈ నేల మీద గట్టు గట్టునా పచ్చిగడ్డి మోకాలెత్తు పెరిగే నెల. 2020 జూలైలో బిలాస్‌పూర్ జిల్లాలో పైర్ల మీద పడకుండా ఒక పాత గదిలో తోలి తలుపేసిన పశువుల్లో నలభైకి పైగా ఊపిరాడక చనిపోయాయి. కట్టడి చేయడానికి ఒక తలుపు చాలు. కట్టేసిన పశువు నోటి దగ్గరికి మేత తేవడానికి మాత్రం రోజూ ఒక మనిషి కావాలి.

దుర్గ్ దాటి శివనాథ్ నది వంతెన మీదుగా వెళ్తే అంజోరాలో కామధేను విశ్వవిద్యాలయం ఉంది. పశువైద్యం చదివించే చోటు. ఈ గడ్డిని ఏం చేయాలో శాస్త్రానికి ఎప్పుడో తెలుసు. వరిగడ్డిలో మాంసకృత్తులు మూడు నాలుగు శాతం మించవు. ఇసుకలాంటి సిలికా ఎక్కువ. ఆక్సలేట్లు ఉండి ఒంటికి అందాల్సిన సున్నాన్ని పట్టేసుకుంటాయి. అందుకే ఒట్టి గడ్డి మీద బతికే ఆవుకు ఖనిజ లవణాలు కలపాలంటారు. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్లకు తగ్గకుండా నీళ్లు కలిపి చల్లి, తొక్కి, గాలి చొరకుండా పట్టా కప్పి 21 రోజులు ఉంచితే మాంసకృత్తుల విలువ రెట్టింపవుతుంది, గడ్డి మెత్తబడుతుంది. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం పెట్టకూడదు. మన వ్యవసాయ శాఖల కరపత్రాల్లో దశాబ్దాలుగా ఉన్న సంగతే ఇది. చేసే రైతును వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎకరం గడ్డిని ఇంటికి తేలేనివాడు దానికి యూరియా నీళ్లు చల్లి మూడు వారాలు మూతేస్తాడా?

యూరప్ రైతు గడ్డిని పూతకు వచ్చేటప్పుడు కోసి, ఎండలో తిరగేసి, తేమ 15 శాతానికి దించి చలికాలానికి దాచుకుంటాడు. అక్కడ గడ్డి ఎదిగే కాలమూ ఎండ కాసే కాలమూ ఒకటే. మనకు జూలై, ఆగస్టుల్లో గడ్డి మంచి రసం మీద ఉన్నప్పుడు ఆకాశం తెరిపివ్వదు. తేమతో వాము వేస్తే బూజు పడుతుంది, లోపల వేడెక్కి నిప్పు కూడా పుడుతుంది. అక్టోబరులో ఎండ వచ్చేసరికి గడ్డి గింజ వేసి పుల్లలైపోతుంది. వానల్లో ఎండబెట్టలేని పచ్చిమేతకు దారి పాతర ఒక్కటే. మొక్కజొన్నో నేపియరో ముక్కలు కొట్టి, గాలి లేకుండా తొక్కి, నలభై అయిదు రోజులు ఊరబెడితే సైలేజ్.

భిలాయికి ఇందులో ఒక పాత చుట్టరికం ఉంది. 1960 ఫిబ్రవరిలో సోవియట్ నాయకుడు క్రుశ్చేవ్ ఈ కర్మాగారం చూడటానికి వచ్చాడు. ఆ రోజుల్లో తన దేశంలో ఆయన్ను జనం మొక్కజొన్న మనిషని వెక్కిరించేవారు. అమెరికాలో చూసినట్టు పశువులకు మేత దండిగా ఉండాలని, మొక్కజొన్న పండని చలి ప్రాంతాల్లో కూడా వేయించాడు. కంకి రాకపోయినా పాతర వేయొచ్చన్నాడు. కోసే మిషన్లు, పాతర గుంతలు, సమయానికి చేసే మనుషులు చాలాచోట్ల లేకపోయారు. పైరు చేలోనే పాడైంది. భిలాయిలో కొలిమిని నిలబెట్టిన దేశమే సొంత చేలలో మేతను గాడి దాకా చేర్చలేకపోయింది.

తిరిగి వచ్చే దారిలో ఒక మడిలో మోళ్ల మధ్య లేత పచ్చదనం కనిపించి ఆగాను. తీవ్రా, మన కేసరి పప్పు. వరి కోతకు ముందే తడి మీద గింజ చల్లి వదిలేస్తారు. ఉతేరా అంటారు ఈ పద్ధతిని. మన కోస్తాలో వరి చేలో జనుమూ పిల్లిపెసరా చల్లినట్టే. పప్పు మనిషికి, తీగ పశువుకు. రాయ్‌పూర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం కాళ్లు చచ్చుబడే విషం తక్కువగా ఉన్న మహాతీవ్రా రకాన్ని కూడా తయారుచేసింది. ఆ మడి చుట్టూ మాత్రం ముళ్ల కంపల దడి. రైతు దడి బిగిస్తూనే మాట్లాడాడు. కోతలయ్యాక ఊరంతా పశువుల్ని వదిలేస్తుంది కనుక దడి కట్టుకోలేనివాడు తీవ్రా చల్లడమే మానేశాడట. మేత లేక వదిలిన పశువు మేత పైరును పుట్టనివ్వదు. మేత పైరు లేక మరుసటి ఏడు మళ్లీ వదలక తప్పదు.

రాత్రి ఇదంతా చెబితే బావ, “మా యార్డుకు రాయి మోసేది ప్లాంట్ డబ్బుతో. నీ గడ్డి ఎవడి డబ్బుతో మొయ్యాలి?” అన్నాడు. పెట్టాల్సిన చోటే పెట్టాడు వేలు. నన్నడిగితే ధాన్యం కొనే సొసైటీకే ఆ పని అప్పగించాలంటాను. కాటా అక్కడే ఉంది, రైతు పేరు, ఖాతా అక్కడే ఉన్నాయి. పది ఊళ్లకు ఒక బేలర్, దింపుకోవడానికి ఎత్తైన ఒక పాక, చుట్టకు ఇంత అని ధర. మేలో ఖటాల్‌వాడు కొంటాడు, గోశాలవాడు కొంటాడు. మధ్యప్రదేశ్ భూసాకు ఇస్తున్న డబ్బులో కొంత ఈ ఊళ్లోనే తిరుగుతుంది. రౌత్ కొడుకు బేలర్ నడిపితే కాంట్రాక్టర్ ఇచ్చే కూలికి తీసిపోదు.

మనదీ అదే దారి. అనంతపురం కరువుల్లో కోస్తా నుంచి వరిగడ్డి లారీలు ఎక్కి వెళ్లిన రోజులు అందరికీ గుర్తే. ఇప్పుడు గోదావరి జిల్లాల నుంచి తెలంగాణ కాలువ ఆయకట్టు దాకా హార్వెస్టర్లు నడుస్తున్నాయి, మోళ్లు తగలబెడుతున్నారు, వేసవి వచ్చేసరికి పాడి రైతు గడ్డి మోపు ధర అడిగి వెనక్కి తిరుగుతున్నాడు. ధాన్యం కొనుగోలు కేంద్రం తెరిచే రోజునే దాని పక్కన గడ్డి కొనే కాటా కూడా తెరవమని అడగాల్సింది పాడి రైతు సంఘాలే. బేలర్ బాడుగ ఎంతో, చుట్ట ధర ఎంతో కోతలకు ముందే తేల్చుకోవాలి. హార్వెస్టర్ మడి దాటాక రైతుకు మిగిలే గడువు కొన్ని రోజులే. తర్వాతి పంటకు దుక్కి దున్నాల్సినవాడు మన మీటింగు తీర్మానం కోసం అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని కూర్చోడు.